మా యింటి దంతకథ

నోటనోటఁ బడి తరతరములుగా వచ్చు కథను దంతకథ యందురు. మేము చెప్పఁబోవునది యట్టిది కాదు. ఇది నిజముగా దంతముల కథయే. ఇట్టి విషయమును బత్రికకు వ్రాయుటకు మొదట మిక్కిలి సంకోచించితిమి. వ్రతములను గూర్చియు, కుట్టుపనిని గూర్చియు, పిల్లల పెంపకమును గూర్చియు సోదరీమణులు వ్రాయు పుటలలో చిగుళ్ళ చీమును గూర్చి వ్రాయుట మర్యాదగా నుండునా యని మావారి నడిగితిమి. “మాట పవిత్రమైనచో మాట పుట్టు నోరును బవిత్రమే కదా! సందేహింపక వ్రాయుము” అని వారనిరి. వారు బడిలోఁ బిల్లల కుచ్చారణము దిద్దు నుపాధ్యాయులు గనుక వారి మాటపైఁ బూనుకొంటిమి.

మనము ప్రతిదినమును నిత్తడి చెంబును జింతపండుతోఁ దోమి తళతళలాడింతుము. గడపకుఁ బసుపు పూయుదుము. దీపపుఁ గుందెలో నిన్నటి జిడ్డు నిలువనీయము. నోటి విషయమున మాత్రము రెండు నిమిషములు నిలువము. పొయ్యిమీఁది పాలు పొంగునేమో, పిల్లవానికి బడివేళ మించునేమో యని పుక్కిలించి యుమిసి పరుగెత్తుదుము. మా యనుభవమున నా రెండు నిమిషముల వెల రెండు పండ్లు.

మా యూరు గుంటూరునకుఁ బడమటనున్న నల్లరేగడి పల్లె. ప్రత్తియు మిరపయు మాకు ధనధాన్యములు. మాఘఫాల్గుణములయందుఁ గల్లములనిండ మిరపపండ్లు ఎఱ్ఱతివాసులు పఱచినట్లెండుచుండును. గాలి తిరిగినచో వీధివారందఱును దుమ్ముదురు. మొదటి ముద్దకుఁ గొఱివికారమో గోఁగూర పచ్చడియో లేనిచో మావారికి భోజనము చేసినట్లు కాదు. మాకు రెండవ బిడ్డ కడుపున నుండఁగా, అయిదవ మాసమున నొకనాఁటి యుదయము పండ్లు తోముకొని యుమ్మఁగా నురుగు గులాబిరంగున నుండెను. మఱునాఁడును నట్లే. అద్దము ముందు పెదవి మడిచి చూడఁగాఁ జిగుళ్ళు కందిపోయి, యుబ్బి, మెఱయుచుండెను.

మా యత్తగారితోఁ జెప్పితిమి. ఆమె నవ్వి, “దీనికేనా అమ్మాయీ యింత దిగులు? బిడ్డకొక పన్ను పోవుట లోకసహజము. తన యెముకలకుఁ గావలసిన సున్నమును బిడ్డ తల్లి పండ్లనుండి లాగుకొనును. నాకు నలుగురు బిడ్డలు. లెక్క నీవే చూచుకొనుము” అనిరి. ఆ మాట మాకును సమంజసముగానే తోఁచెను. తల్లి యగుటకుఁ జెల్లింపవలసిన సుంకములలో నిదియొకటి గాఁబోలు ననుకొంటిమి. ప్రక్కయింటి వారు మాత్రము “కారము తగ్గింపుఁడు, చిగుళ్ళు మండుట దానివలననే” యనిరి. కొఱివికారము మాని, పప్పును బెరుగును దినుచు మూఁడు నెలలు గడపితిమి. నెత్తురు మానలేదు. తోమినప్పుడే నెత్తురు వచ్చుచున్నది గనుకఁ దోముటయే తప్పేమో యని బ్రష్షును విడిచి, వ్రేలితో నొక్కసారి రుద్ది యూరకుండుట మొదలుపెట్టితిమి. తాఁకనిచో నెత్తురు కనఁబడలేదు. కనఁబడనందున రోగము పోయినదనుకొంటిమి. ఇల్లు కాఱుచుండఁగాఁ గన్నులు మూసికొనినవారికి వాన నిలిచినట్లే తోఁచును గదా!

ఇఁక మా యత్తగారి సంగతి. ఆమె బడికిఁ బోలేదు గాని తండ్రిగారియొద్దఁ బోతన భాగవతము నేర్చినవారు. ఏటేటఁ గార్తికమాసమునఁ బ్రతి సాయంకాలము మా యింటి యరుగుమీఁదఁ గూర్చుండి యష్టమస్కంధములోని గజేంద్రమోక్షణమును జదివెడివారు. చేలలోఁ బ్రత్తి తీసి తిరిగి వచ్చు కూలిస్త్రీలు సైతము మూటలు దింపుకొని నిలుచుండి వినెడివారు. మేము కాఁపురమునకు వచ్చిన క్రొత్తలో నీ యింట మా మనస్సు కుదుటఁబడినది యా పఠనమువలననే. ఆమెకు నొక్కటియే యలవాటు. కొంగుముడిలో వక్కలును, పొగాకు కాడయు నెల్లప్పుడు నుండెడివి. చిన్ననాఁడు పంటినొప్పికిఁ బొగాకు పెట్టి, యూఱట గలిగి, యది విడువలేక యేఁబదియేండ్లు గడపిరి. “నా చిగుళ్ళ నెన్నఁడైన నెత్తురు చూచితివా? పొగాకు పంటికి మందే” యని మాతో ననెడివారు. నిజమే, నెత్తురు మేమెన్నఁడును జూడలేదు. కాని యఱువదవ యేఁటినుండి యామె పండ్లు నొప్పియైనను లేకయే కదలి యొకటొకటిగా రాలసాగినవి. ఒకనాఁడన్నములో రాయి తగిలినదని తీసి చూడఁగా నది తన పన్నే.

త, థ, ద, ధ, న, ల, స యనునవి దంత్యములని మేము మా తండ్రిగారియొద్దఁ దొమ్మిదవయేఁట వల్లించితిమి. తెలుఁగున ౘ, ౙ లనెడి దంత్యములును గలవని 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ జదివితిమి. వకారమునకుఁ బెదవియుఁ బండ్లును రెండును గావలయును. ఇవి యన్నియు వట్టి శాస్త్రపు మాటలని యప్పుడనుకొంటిమి. మా యత్తగారికి మీఁది ముందుపండ్లు పోయిన కార్తికమునఁ గాని వాని యర్థము మాకుఁ దెలియలేదు. పద్యము మొదలుపెట్టఁగా దకారము గాలియై పోయెను. సకారము పెదవుల సందునఁ గొట్టుకొనెను. పెదవులు తగులని యక్షరములతోనే కావ్యము నడపిన కవులు గలరు. దానిని నిరోష్ఠ్యమందురు. అది విద్య. దంత్యములు లేక భాగవతము చదువుట విద్య గాదు, విధి. వినవచ్చిన పిల్లలు కిసుక్కున నవ్విరి. మా చిన్నవాఁడు మఱునాఁడు ప్రొద్దున నామె చదివిన తీరును నోరు ముడిచి యనుకరించి చూపెను. వాని వీపున నొక్కటి వేసితిమి గాని, యామె యప్పటికే విన్నది. ఆ సాయంకాలమే గ్రంథమును గుడ్డలోఁ జుట్టి పెట్టెలోఁ బెట్టి, “కన్నులు కనఁబడుటలేదు, అమ్మాయీ” అనిరి. కంటిశుక్లము తీయించి యప్పటికి సంవత్సరమైనను గాలేదు. సూదిలో దారము తానే యెక్కించుకొనుచుండిరి. మేమది యెఱిఁగియు నేమియు ననలేదు.

ఏల యనలేదనఁగా, మా నోటిలోను రోగము ముదిరినది. కానుపైన పిదప నెత్తురు తగ్గినను బూర్తిగా మానలేదు. ముప్పదిరెండవ యేఁటికిఁ గ్రింది ముందుపండ్లు రెండును నాలుకతో నొత్తఁగానే యూఁగసాగినవి. నలుగురిలో నవ్వవలసి వచ్చినప్పుడు పమిటచెఱఁగు నోటి కడ్డము పెట్టుకొనుట నేర్చితిమి. అది సిగ్గనుకొని చూచినవారు మెచ్చుకొనిరి.

ఆ మఱుసటి మాఘమున నొక తిరునాళ్ళకుఁ బోయితిమి. అచ్చటఁ బెట్టె ముందు పెట్టుకొని కూర్చున్న పండ్లుకట్టువాఁ డొకఁడు మా యత్తగారిని బిలిచెను. అరగంటలో నేదో గులాబిరంగు పొడిని ద్రావకముతోఁ గలిపి, సన్నని తీఁగె వేసి, నాలుగు పండ్లను మిగిలిన కోఱల కంటించెను. ఆమె యద్దము చూచుకొని నవ్విన నవ్వును మేము మఱువలేము. ఇంటికి వచ్చి నాఁటి రాత్రియే గ్రంథము తీసిరి. ఆ యానందము మూఁడు వారములు నిలిచెను. నాలుగవ వారమునఁ జెంప వాచి, నోట దుర్వాసనయుఁ జీమును గలిగి, గంజియైనను మ్రింగలేని స్థితి వచ్చెను. అంటించినవి తీయుటకు వీలుగానివి. వాని క్రింద నన్నము చిక్కి కుళ్ళి, యున్న కోఱలను గూడఁ జెఱచినది. అప్పుడు గాని మేము గుంటూరునకుఁ బోలేదు.

అచ్చటి దంతవైద్యురాలు మా కంటెఁ జిన్నది. మొదట నత్తగారి నెత్తురు పరీక్ష చేయింపఁగా మధుమేహము బయటఁబడెను. అంతవఱకది యున్నట్లే మేమెఱుఁగము. మధుమేహము చిగుళ్ళ రోగమును బెంచును, చిగుళ్ళ రోగము మధుమేహమును లొంగనీయదు, ఒకదాని చేయి యొకటి పట్టుకొని నడచునని యామె చెప్పెను. పొగాకు సంగతి విని, “దానిలోని విషము సన్నని రక్తనాళములను ముడుచుకొనఁజేయును. అందుచేత లోపల రోగమున్నను బైకి నెత్తురు రాకపోవచ్చును. మీరు మంచి గుఱుతనుకొన్నది మంచి గుఱుతు గాదు” అనెను. పొగాకువలన నోటఁ బుట్టు పుండు పుట్టకుఱుపై ప్రాణము తీయుటయుఁ గలదని హెచ్చరించెను. పిదప మా వైపు తిరిగి, “అమ్మా, మీరు పమిట తీసి మాటలాడుఁడు” అనెను. రెండేండ్లలో మమ్ము నా మాట యడిగినవారామె యొక్కతయే.

అంకెలు చెక్కిన సన్నని కొలఁతపుల్లతోఁ బంటికిని జిగురునకును నడుమనున్న సందును గొలిచెను. ఆరోగ్యము గల చోట మూఁడు మిల్లీమీటర్లకు లోపుండునఁట. మాకుఁ గ్రింది ముందుపండ్ల కడ నెనిమిది యుండెను. ఎక్సురే చిత్రమున నా రెండు పండ్లచుట్టు నెముక కరఁగిపోయి, గట్టు తెగిన చెఱువులోఁ బాతిన గుంజలవలెఁ గనఁబడినవి. మా జబ్బు పుట్టిన విధమును నామె విప్పి చెప్పినది. అది మీకును జెప్పుచున్నాము.

పండ్లమీఁద మనము పాచి యనునది వట్టి మురికి గాదు. కంటికిఁ గనఁబడని సూక్ష్మజీవుల గుంపు. తోమిన కొన్ని గంటలకే మరల నేర్పడును. నిత్యము తీసివేయనిచోఁ గొలఁది దినములలో నుమ్మిలోని సున్నమును జేర్చుకొని గట్టిపడి గారయగును. గార బ్రష్షునకు లొంగదు. ఆ గారమీఁద మఱికొంత పాచి నిలిచి చిగురును వాచఁజేయును. అదియే నెత్తురు కారు దశ. అప్పటికెముకకు హాని లేదు. శుభ్రము చేసికొన్నచోఁ జిగురు పూర్తిగాఁ గోలుకొనును. ఉపేక్షించినచో వాపు లోనికిఁ బోయి, పంటిని బట్టి యుంచు నరములవంటి పోఁగులను, పిదప నెముకను దినివేయును. పోయిన యెముక తిరిగి తనంతఁ దాను రాదు. రోగమును నిలుపవచ్చును గాని పోయినది తెచ్చుట దుర్లభము. కడుపుతో నున్నపుడు శరీరమునఁ గలుగు మార్పులవలనఁ జిగుళ్ళు కొంచెము పాచికే యెక్కువ వాచును. బిడ్డ తల్లిపండ్లనుండి సున్నము లాగుకొనుట లేదు. నాలుగవ మాసము మొదలాఱవ మాసమువఱకు దంతవైద్యము చేయించుకొనుటకు ననువైన కాలము. “ఆనాఁడే వచ్చియున్నచో నొకపూఁట పనితోఁ బోయెడిది” అని యామె యనఁగా మాకు గొంతు పూడుకొనెను. కారమును గూర్చి యడిగితిమి. వాచిన చిగురును గారము మండించునే కాని రోగమును బుట్టింపదనెను. మా గుంటూరు మిరప నిర్దోషియని తేలినది!

మా రెండు పండ్లు నిలువవని తీసివేసిరి. మా యత్తగారి పై కోఱలు తీయవలసి వచ్చినపుడు, “పైపన్ను తీసినచోఁ గన్ను పోవును” అని యామె పట్టుపట్టిరి. ఇది మన యిండ్లలో నెల్లరును నమ్ము మాటయే. పంటికిఁ బోవు నాడి వేఱు, చూపు నాడి వేఱు అని వైద్యురాలు చిత్రము గీసి చూపినది. తీసిన మఱునాఁడామె సూదిలో దారమెక్కించి చూచుకొని, యేమియు ననక మాకుఁ జూపిరి.

మిగిలిన పండ్లకు మాకు గార తీసిరి. చిగురు క్రింది వేళ్ళను గూడ మత్తుసూది యిచ్చి రెండు మాఱులుగా శుభ్రము చేసిరి. ఇంటికి వచ్చిన పిదపఁ బండ్ల నడుమ సందులు కనఁబడి, చల్లనీరు జివ్వుమనెను. “తోమించుకొన్నచోఁ బండ్లు వదులగునని మేమనలేదా?” యని ప్రక్కయింటివారు గెలిచినట్లు పలికిరి. సందులను గార నింపియుండెను గనుక గార పోఁగానే సందులు కనఁబడినవి. వాచిన చిగురు తగ్గి వేళ్ళు బయటఁబడినవి. వదులు చేసినది రోగము, నింద పడినది వైద్యముమీఁద. కొలఁది వారములలోఁ జివ్వు తగ్గి, నెత్తురు పూర్తిగా మానెను. ఏడేండ్ల తరువాత నురుగు తెల్లగాఁ జూచితిమి.

ఇచ్చట మా యజ్ఞాన మొకటి యొప్పుకొనవలయును. మా తండ్రిగారి యింట సుశ్రుతసంహిత యుండెడిది. నోటి రోగము లఱువదియైదనియు, వానిలోఁ బదియేను దంతమూలములవనియు నందుఁ గలదు. నెత్తురు కారి, మాంసము మెత్తనై దుర్వాసన గొట్టునది శీతాదము. చీమును నెత్తురును గారి పండ్లు కదలునది దంతవేష్టము. పండ్రెండంగుళముల పుల్లను నమలి మెత్తని కుంచె చేసి, యొక్కొక్క పంటిని వేఱువేఱుగాఁ, జిగురునకు నొప్పి గలుగకుండఁ దోమవలయునను విధియు నందే కలదు. మేమివి చదివినవారమే. పేరులు వల్లించితిమి గాని మా నోట నున్నది శీతాదమని యద్దములో గుఱుతింపలేదు. దంతకాష్ఠము నిషిద్ధమైన తిథులలోఁ బండ్రెండు పుక్కిళ్ళు నీరు విధింపఁబడినది. అనఁగా నేనాఁడును నోటిని మఱువరాదనియే గదా పెద్దల భావము. మనము నిషేధమును బాటించి, పుక్కిళ్ళను విడిచితిమి.

మఱొక పొరపాటును జెప్పవలయును. మా పుట్టినిల్లు కనిగిరి ప్రాంతము. అది 1970వఱకు నెల్లూరు మండలములోనిది. ఆ యేఁట నేర్పడిన ఒంగోలు మండలమునకు 1972లోఁ బ్రకాశమను పేరు వచ్చినది. అచ్చట మాతో నాడుకొన్న బాలికలలోఁ బెక్కురకు ముందుపండ్లమీఁద గోధుమరంగు చాఱలుండెడివి. పెండ్లిచూపులనాఁడు నోరు తెఱవవలదని తల్లులు బోధించెడివారు. అది వారు సరిగాఁ దోముకొననందునఁ గాదు. బావినీటిలో ఫ్లోరైడు మితిమీఱుటవలనఁ, బన్ను దవడలోఁ దయారగు బాల్యముననే పడిన మచ్చ. ఎంత తోమినను బోదు. 1937లో మద్రాసు రాజధానిలో నీ ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు శాస్త్రీయముగాఁ బ్రకటించినది మా వైపు సీమను జూచియే. త్రాగునీట లీటరునకు మిల్లిగ్రాము మించకుండుట మేలనియు, వేఱు గతి లేనిచో నొకటిన్నరవఱకే యోర్వవచ్చుననియు మన దేశపుఁ బ్రమాణము. మాకు బాల్యమునఁ దాతగారి వానతొట్టి నీరు దొరకుటవలనఁ బండ్లు తెల్లగా నుండెను. ఆ గర్వముననే చిగుళ్ళ సంగతి మఱచితిమి. తెలుపు వేఱు, బలము వేఱు. చాఱలున్న మా నెచ్చెలుల పండ్లు నేఁటికిని గదలలేదు. తెల్లనివైన మావే పోయినవి.

ఇఁక పోయిన పండ్లకు మాఱు పండ్ల సంగతి. ఇది నిన్న నేఁటి కోరిక గాదు. ఇటలీదేశమున నెట్రుస్కను స్త్రీలు రెండువేల యైదువందల యేండ్లకుఁ బూర్వమే బంగారు పట్టీలతోఁ బండ్లు గట్టించుకొనిరి. అమెరికా మొదటి యధ్యక్షుఁడు వాషింగ్టను కొయ్యపండ్లు ధరించెనను మాట వట్టి దంతకథ. ఆయన పండ్లు దంతము, లోహము, మనుష్యుల పండ్లతోఁ జేసినవి. స్వీడనుదేశపు బ్రోనెమార్కు అను వైద్యుఁడు టైటానియము లోహము నెముక తనలోఁ గలుపుకొనునని 1952లో గుఱుతించి, 1965లో మొదటిసారి మనుష్యుని దవడలోఁ బంటిమేకులు నాటెను. మన దేశమున మొదటి దంతవైద్య కళాశాలను 1920లోఁ గలకత్తాలో రఫీయుద్దీన్ అహమ్మదుగారు స్థాపించిరి. నేఁడు గుంటూరు చెంతఁ దక్కెళ్ళపాడులోనే యట్టి కళాశాల గలదు.

మార్గములు మూఁడు. తీసి పెట్టుకొను కట్టుడుపండ్లు మొదటిది. వెల తక్కువ, ఎన్ని పండ్లు పోయినను బనికివచ్చును. కాని పన్ను పోయిన చోట నెముక యేటేటఁ దఱుగుచుండును గనుకఁ గొన్నేండ్లకు వదులై మరల సరిచేయింపవలయును. రెండవది ప్రక్కపండ్లను జెక్కి వానిపైఁ దొడుగులు వేసి వంతెనవలె నిలుపుట. ప్రక్కపండ్లు గట్టివైనఁ గాని యిది తగదు. మూఁడవది దవడలో టైటానియపు మేకు నాటి, యెముక పట్టుటకుఁ గొన్ని నెలలాఁగి, దానిపైఁ బన్ను నిలుపుట. మూఁటిలో నిదియే సొంత పంటికి దగ్గఱ. వెలయు నెక్కువ. చిగుళ్ళ రోగమును మధుమేహమును లొంగక ముందు, పొగాకు విడువక ముందు నాటినచో నిదియు నిలువకపోవచ్చును.

మావారిది ప్రైవేటు పాఠశాల. ఎకరమున్నర మిరపచేను మామగారు విడిచినది. ఆ యేఁట ధర కలిసివచ్చి, యప్పులు తీర్పఁగాఁ గొంత సొమ్ము మిగిలెను. అది మా రెండు పండ్లకు మేకులు వేయించుటకుఁ జాలును. లేదా యత్తగారికి మీఁదను గ్రిందను గట్టుడుపండ్లు చేయించి, మాకు రెండుపండ్ల చిన్న పలక చేయించుటకుఁ జాలును. రెండును జేయింప వీలులేదు. మేము లెక్కల పుస్తకమున మా మేకులనే మొదట వ్రాసితిమి. మాకింకను నెంతో బ్రదుకున్నదనియు, సభలకును బేరంటములకును బోవలసినవారమనియు మాలో మేము సమాధానము చెప్పుకొంటిమి. మావారది చూచి, యేమియు ననక పుట త్రిప్పిరి. అత్తగారును, “కాటికిఁ గాళ్ళు చాఁచినదానికి నాకు పండ్లెందుకే? గంజి త్రాగుటకుఁ జిగుళ్ళు చాలవా?” అనిరి. సోదరీమణులారా, దాఁచనేల? ఆ మాట విని మాకు క్షణకాలము సంతోషము గలిగినది.

ఆ రాత్రి నీళ్ళకై లేచి చూడఁగా వసారాలో దీపము వెలుఁగుచుండెను. ఆమె గ్రంథము ముందు పెట్టుకొని కూర్చుండిరి. వ్రేలు పంక్తివెంట నడచుచుండెను. పెదవులు గదలుచుండెను. శబ్దము మాత్రము లేదు. ఎవరికిని వినఁబడకుండఁ జదువుకొనుచుండిరి. మేము నీళ్ళు త్రాగకయే వెనుకకు వచ్చి, పుస్తకమున వ్రాసిన పంక్తిని గొట్టివేసితిమి.

చక్కెర లొంగుటకును, గాయము లాఱుటకును మూఁడు నెలలు పట్టెను. అచ్చు తీయుట, కాటు సరిచూచుట మొదలైనవానికై యైదు మాఱులు గుంటూరు పోయితిమి. పండ్లు వచ్చిన మొదటి వారమునఁ బరులయిల్లు నోటఁ బెట్టుకొన్నట్లున్నదని యామె యేడ్చిరి. ఉమ్మి యూఱెను, ఒరసిన చోటఁ బుండ్లయ్యెను. రెండుసార్లు రాయించితిమి. మెత్తని యన్నము చిన్నముద్దలుగా రెండుప్రక్కలను నమలుటయు, రాత్రి తీసి తోమి చల్లని నీటఁ బెట్టుటయు నేర్చిరి. వేఁడినీటఁ బెట్టినచో వంకరపోవును. మాట కుదురుటకుఁ బ్రతిదినము పైకిఁ జదువవలయునని వైద్యురాలు చెప్పినది. తప్పులతో భాగవతము చదువుట కామె కిష్టము లేదు. కాఁబట్టి వార్తాపత్రికలోని మిరప ధరలతోఁ బ్రారంభించిరి. “తేజ” యనుటలోఁ దకారమును, “సన్నము” అనుటలో సకారనకారములును మా యింట నెలదినములు మ్రోఁగినవి. మొదట సకారము పాముబుసవలె వచ్చెడిది. చిన్నవాఁడు ప్రక్కఁ గూర్చుండి, ఈ మాఱు నవ్వక, సరియైనప్పుడు చప్పట్లు కొట్టెను.

ఆ కార్తికమున మరల నరుగుమీఁద దీపము పెట్టితిమి. గొంతు పూర్వమువలె లేదు. కొన్ని యెడల నాఁగి, పండ్లు సర్దుకొని చదివిరి. కాని మొసలి పట్టిన యేనుఁగు మొఱ పెట్టుచోట దంత్యమొక్కటియు జాఱలేదు. ప్రత్తిమూటలు దింపి కూలిస్త్రీలు నిలిచిరి. పొగాకును బూర్తిగా మానిరని చెప్పఁజాలము. ముడి చిన్నదైనది. దానిపైఁ బోరాటము సాగుచున్నది.

మాది తీసిపెట్టుకొను పలకయే. దానితో మాటయు నవ్వును గుదిరినవి. అయినను నలుగురిలో నవ్వునపుడు చేయి తనంతఁ దానే పమిటను వెదకును. పండ్లు పెట్టించుకొన్నంత సులభముగా సిగ్గు తీసివేయలేము. మా కుమార్తెను మాత్రము ప్రతిరాత్రి యద్దము ముందు నిలిపి, రెండు నిమిషములు మెత్తని బ్రష్షుతోఁ జిగురంచుల వెంబడి తోమించుచున్నాము. ఇటుకపొడి, కచ్చిక, ఉప్పురాళ్ళు మా యింట నిషిద్ధములు. పంటిసందుల శుభ్రపఱచుటకు సన్నదారము కొంటిమి. ఏఁటికొకసారి యందఱమును వైద్యురాలికి నోరు చూపుచున్నాము. ఆమె యొద్దకుఁ బోవు వ్యయము కట్టుడుపండ్ల వ్యయమున నెన్నవ పాలో మావారు లెక్క వేసి గోడపై వ్రాసిరి.

సోదరీమణులారా, మీ నురుగు గులాబిరంగున నున్ననాఁడు బిడ్డను దూఱకుఁడు, మిరపను దూఱకుఁడు, బ్రష్షును విడువకుఁడు. ఆనాఁడే వైద్యుని జూడుఁడు. మీ యింటఁ బెద్దవారెవరైనఁ గన్నులు కనఁబడుటలేదని గ్రంథము మూసినచో, ఒకమాఱు వారి నోరు తెఱచి చూడుఁడు. మా యింటి దంతకథ యిది.